ఎక్కడిదాకా

ఒకటి, రెండు, మూడు అంటూ నోరు మొదలైపోయింది. నేను చెప్పబోయింది కాఫీ చల్లారిపోతోంది అని. బరాగా ఊళ్లో పెట్రోలు బంకు దగ్గర బండి ఆపి అన్నయ్య రెండు కప్పుల కాఫీ, కాగితంలో చుట్టిన యాలకుల రొట్టె తెచ్చాడు. నా కప్పు నా ఎడమ చేతికి అందేలా పెట్టాడు. తనది బండి అద్దం కింద పెట్టి మరిచిపోయాడు. కప్పు పైన అద్దం మీద ఆవిరి గుండ్రంగా పట్టింది, ఆ గుండ్రం మెల్లగా చిన్నదవుతోంది, అందులోంచి అఖాతం కనిపిస్తోంది, గడ్డకట్టిన నీళ్ల మీద చేపలవాళ్ల గుడిసెలు అగ్గిపెట్టెల్లా. నాలుగు, ఐదు, ఆరు. ఆ గుండ్రం పూర్తిగా పోయేలోపు తాగు అన్నయ్యా అనాలని నాకుంది. ఏడు, ఎనిమిది. పందొమ్మిది దగ్గర ఊపిరి అయిపోయింది.

"సరే సరే, విన్నాలే," అన్నాడు రెయినో, నా వైపు చూడకుండా. "బాగానే చదువుతున్నావు పాఠం. పంతులమ్మ లేదు ఇక్కడ, కాస్త విశ్రాంతి తీసుకో."

తాళం తిప్పాడు. బండి దగ్గి, మళ్లీ దగ్గి, లేచింది. మా అన్నయ్యకి అరవై ఎనిమిదేళ్లు, ఈ బండికి ఇరవై. ఇద్దరూ పొద్దున పూట లేవడానికి ఒకేలా సణుగుతారు. మార్క్వెట్ ఊరి ఆసుపత్రి నుంచి ఇక్కడిదాకా రెండు గంటలు వచ్చాం. ఇంకో ముప్పావుగంట ఉంటుంది చాసెల్ ఊరి ముందు సెడార్ బే అనే చోటికి. అక్కడ నాకో గది ఉందట. కిటికీ ఉందట. నీళ్లు కనిపిస్తాయట. మూడు నెలలు అని కాగితం మీద రాశారు, మూడు నెలల తర్వాత ఏమిటని ఎవరూ రాయలేదు. నన్ను అడగలేదని కాదు, అడిగారు. డాక్టరు వంగి, ఒక్కొక్క మాటా విడివిడిగా పెట్టి అడిగాడు, ఐలా గారూ, అక్కడికి వెళ్లడం మీకు ఇష్టమేనా అని. కాదు అని తల ఊపాను. ఊగింది పైకీ కిందికీ. ఆరు వారాలుగా నా తలకి అవునూ కాదూ ఒకటే, ఏది అనుకున్నా అది తనకి తోచినట్టు ఊగుతుంది. మళ్లీ అడిగితే ఈసారి పక్కలకి ఊగింది. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. రెయినో నా కుడి చేతిని, ఎవరిదో మరిచిపోయిన చేతి తొడుగులా నా ఒళ్లో పడి ఉన్నదాన్ని, తీసి దుప్పటి కింద పెట్టాడు.

ఫిబ్రవరిలో ఇంటి కప్పు మీద మంచు లాగుతున్నాను, పొడుగు కర్ర చివర పార ఉంటుంది కదా, దానితో. మంచు పెళ్లగా జారి పడింది, తెల్లగా, మెత్తగా. అది నా మీద పడలేదు. కానీ దాంతోపాటు ఏదో జారింది, లోపల, ఎడమ చెవి వెనక, చప్పుడు లేకుండా. తర్వాత పైకప్పు, దీపం, రెయినో మొహం. అన్నయ్యా అన్నాను. ఉక్సి, కాక్సి, కొల్మె అని వినబడింది. మా అమ్మ నేర్పిన అంకెలు అవి, ఫిన్నిష్‌లో, నేను నోరారా అని యాభై ఏళ్లయి ఉంటుంది. రెయినో నిలబడ్డవాడు కూర్చున్నాడు. వారం పోయాక మామూలు అంకెలు వచ్చాయి. అవి తప్ప ఇంకేమీ రాలేదు. నీళ్లు కావాలంటే ఒకటి రెండు మూడు, నొప్పిగా ఉందంటే ఒకటి రెండు మూడు. మాటలు నేర్పే అమ్మాయి పెన్‌హేల్ రోజూ వచ్చేది, చెవులకి చిన్న చిన్న చేపల లోలకులు పెట్టుకుని. "ఏడు అనండి ఐలా గారూ, ఒక్క ఏడు." నేను ఒకటి దగ్గర మొదలుపెట్టి ఏడు మీదుగా వెళ్లిపోయేదాన్ని, ఎనిమిది, తొమ్మిది, పది. "ఎక్కడికండీ పోతున్నారు? ఏడు దగ్గర దిగాలి కదా, మీ స్టాపు వెళ్లిపోయింది!" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. నవ్వు మాత్రం సరిగ్గానే వచ్చేది.

ఆ అమ్మాయికి నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఒకటుంది. ఈ జబ్బు నాకు కొత్త కాదమ్మా, దీన్ని నేను తెర మీద ముప్ఫై రెండేళ్లు చూశాను అని. హోటన్ కాలేజీలో కంప్యూటర్ల గది నాది. నల్లటి తెర, తెర మీద ఆరుతూ వెలుగుతూ ఒక గీత, మీరు ఏం చెబుతారా అని చూసే గీత. ఎస్, ఈ, క్యూ అని మూడక్షరాలు కొడితే అంకెలు రాసే చిన్న ఆజ్ఞ ఉండేది, మేం సీక్ అనేవాళ్లం. దానికి తెలిసినవి మూడే సంగతులు. ఎక్కణ్ణించి, ఎంతెంత అడుగు, ఎక్కడిదాకా. ఒక్క అంకె ఇస్తే అదే ఆఖరిదనుకుని, మొదలు ఒకటి అని తనంతట తనే తెలుసుకుంటుంది. పది అంటే ఒకటి నుంచి పది, ఒకదాని కింద ఒకటి, మెట్లలా. రెండేసి వెళ్లమంటే వెళ్తుంది. వెనక్కి నడవమంటే నడుస్తుంది. ఏమీ చెప్పకపోతే మాత్రం అడుగు వేయదు, ఏదో తక్కువైంది అని ఒక్క ముక్క అని ఊరుకుంటుంది. నా నోటికి ఆ మర్యాద కూడా లేదు. ఎక్కడిదాకా అన్నది పోయింది నాకు. ఒకటి ఉంది, అడుగు ఉంది, ఆఖరిది లేదు.

"అదిగో, బ్రెడ్ తిను," అన్నాడు రెయినో. "యాలకులు ఎక్కువేశారు. ఇర్మా ఉంటే తిట్టేది."

ఇర్మా మా వదిన. చిన్నపిల్లల బడిలో పంతులమ్మ. మూడేళ్లయింది పోయి. ఆవిడ పేరు వచ్చినప్పుడు అన్నయ్య గొంతు ఒక్క క్షణం నడక తప్పి, మళ్లీ సర్దుకుంటుంది. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాను. రొట్టె ఉన్నంతసేపు నోరు లెక్క పెట్టదు, అదొక సుఖం. యాలకుల వాసన బండి నిండా పాకింది. ఈ వాసనకి ఒక గది ఉంది, మా అమ్మ వంటగది. పొయ్యి పక్కన తడి చేతితొడుగులు ఆరుతుండేవి, కిటికీ సగందాకా మంచులో మునిగి గదిలోకి పడే వెలుగు నీలంగా ఉండేది. నేను బల్ల కింద ఉన్నాను. నాకు నాలుగేళ్లు. రెయినో కాళ్లు ఊగుతున్నాయి, ఊలు మేజోళ్లలో ఒక వేలు బయటికొచ్చి. అమ్మ పిండి ముద్దలు పెడుతూ లెక్కిస్తోంది. ఆ లెక్క వింటూ నిద్రపోయాను నేను, ఎక్కడిదాకా వెళ్లిందో నాకు తెలియదు, ఇప్పటికీ వెళ్తూనే ఉందేమో.

రోడ్డు పక్కన కర్రలు వెళ్తున్నాయి. మనిషెత్తు కర్రలు, కొసకి నారింజ రంగు, మంచులో రోడ్డు అంచు తెలియడానికి. ఒకప్పుడు అన్నయ్య ఈ దారిలో మంచు తోసే బండి నడిపేవాడు. ఒకసారి కాలేజీలో అందరూ వచ్చి చూసే రోజని పిలిస్తే మంచు బూట్లతోనే వచ్చాడు, మెరిసే గచ్చు మీద మడుగులు చేసుకుంటూ. ఏదైనా చూపించవే అన్నాడు. గొప్పవి చూపిస్తే నమ్మడని సీక్ అని కొట్టి పది అన్నాను. పది అంకెలు వచ్చాయి. రెయినో తెర చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ తెర చూశాడు.

"ఇదేనా?"

"ఇదే."

"దీనికి కరెంటు కూడానా? ఇర్మా పిల్లలకి ఊరికే నేర్పుతోంది ఇది! నీకు జీతం ఇస్తున్నారా దీనికి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ చెవులు మండాయి. అంకెలు అంకెల కోసం కాదు అన్నయ్యా, ఊరూ పేరూ లేనివాటికి పేర్లు పెట్టడానికి, అన్నాను. ఏమనుకున్నాడో. ఆ ఏడు ఆకులు రాలే కాలంలో తనే వచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని. రోడ్ల కింద ఆరువందల పన్నెండు తూములున్నాయి మా జిల్లాలో, వసంతంలో మంచు కరిగితే ఏ తూము ఎక్కడుందో వెతకలేక చస్తున్నాం, ఒక్కోదానికీ ఒక కర్ర, కర్రకి ఒక నంబరు కావాలి, చేతితో రాస్తే చలికి సిరా గడ్డకడుతోంది అన్నాడు. సీక్ ఆరువందల పన్నెండు అన్నాను. అర నిమిషం కూడా పట్టలేదు. అట్టల మీద అచ్చు వేసి ఇచ్చాను. ఆదివారమంతా వాళ్ల షెడ్డులో కూర్చుని కర్రలకి అట్టలు కొట్టాం. ఇర్మా మాంసం, దుంపలు కూరిన పేస్టీలు వేడి చేసి తెచ్చింది, నేను కెచప్ అడిగితే గ్రేవీ లేకుండా ఎలా తింటావని అన్నయ్య దెబ్బలాడాడు. ఒక్కో కర్ర తీసి నంబరు పైకి చదివేవాడు, బడిలో హాజరు పిలిచినట్టు. నూట నాలుగు! ఉన్నానండీ, అనేది ఇర్మా సన్నటి గొంతుతో. మూడువందల ఎనభై! బాత్‌రూమ్‌కి వెళ్లాడండీ. సాయంత్రానికి షెడ్డంతా కర్రలు, గోడలకి ఆనుకుని, పేర్లు వచ్చినవాళ్లలా కాస్త నిటారుగా.

అఖాతం కుడివైపు మాతోనే వస్తోంది. తెల్లటి మంచుగడ్డ, దాని మీద ఇంకా తెల్లటి వెలుగు, ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియదు. రెప్ప బరువెక్కుతోంది. మంచు కాదు అది, కాగితం. ఒక శుక్రవారం ఎవరో విద్యార్థి పదివేలు అనబోయి సున్నాలు మరో మూడు నాలుగు నొక్కి, తెరకీ అచ్చు యంత్రానికీ కలిపి పంపించి ఇంటికి పోయాడు. సోమవారం పొద్దున తలుపు తీస్తే గది లేదు. కాగితం. మడతలు మడతలుగా, అలలుగా, మోకాళ్లదాకా, కిటికీలోంచి ఎండ దాని మీద పడుతోంది. యంత్రం ఎప్పుడో కాగితం అయిపోయి ఆగింది, తెర మీద మాత్రం అంకెలు ఇంకా పోతూనే ఉన్నాయి, చదవలేనంత వేగంగా, సెలయేరులా. నాకు కోపం రావాలి. నేను ఆ కాగితాల్లో కూర్చున్నాను. ఒక మడత తీసి చూశాను, ఎక్కడ చూసినా ముందుదాని తర్వాతది ఉంది, ఒక్కటి కూడా తప్పలేదు, ఒక్కటి కూడా అలసిపోలేదు, శనివారమంతా ఆదివారమంతా ఎవరూ వినని గదిలో. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు నాకు ముప్ఫై నాలుగేళ్లు, ఎవరితోనో తెగతెంపులు అయిన కొత్త. తర్వాత లేచి కంట్రోల్ నొక్కి సి నొక్కాను. ఆగింది. గీత మళ్లీ ఆరుతూ వెలుగుతూ నిలబడింది, ఏమీ జరగనట్టు. నాకు ఇప్పుడు ఎవరైనా ఆ రెండు మీటలు నొక్కితే బాగుండును. ఎక్కడున్నాయో అవి. చెవి వెనకా, మెడ మీదా.

"నీకో మాట చెప్పాలి," అన్నాడు రెయినో.

కళ్లు తెరిచాను. అఖాతం పోయింది. అటూ ఇటూ పొలాలు, ఆర్న్‌హైమ్ దగ్గర అనుకుంటాను, గాలికి పొలాల మీది మంచు లేచి రోడ్డుకి అడ్డంగా పాములా పాకుతోంది.

"నన్ను తప్పుగా అనుకోకు. మీ ఇల్లు కొండ మీద. కట్టెల పొయ్యి. నేనేమో ముసలాణ్ణి. నీకేమైనా అయితే ఎవర్ని పిలుస్తావు? పిలవనైనా పిలుస్తావా, ఫోన్లో ఒకటి రెండు మూడు అంటే వాళ్లకేం అర్థమవుద్ది?" అద్దం మీది ఆవిరి అరచేత్తో తుడిచాడు. "అసలు సంగతి అది కాదులే. నువ్వు లోపల ఉన్నావో లేవో నాకు తెలీట్లేదే ఐలా. కళ్లలోకి చూస్తే ఉన్నావనిపిస్తది. నోరు తెరిస్తే లేవనిపిస్తది. ఉన్నావని తెలిస్తే..."

ఉన్నాను, ఉన్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చూడు ఎంత గట్టిగా ఉన్నానో. ఐదు, ఆరు.

"ఆపవే తల్లీ," అన్నాడు, చాలా మెల్లగా.

అప్పుడే గాలి విసిరింది. పొలమంతా లేచి బండి మీద పడ్డట్టయింది, అంతా తెలుపు, ముందూ తెలుపే వెనకా తెలుపే, మేము కదులుతున్నామో నిలబడ్డామో తెలియని తెలుపు. భయం కూడా వేయలేదు మొదట, నిద్రలోకి తిరిగి వెళ్తున్నట్టుంది. నోరు మాత్రం నడుస్తోంది, పదకొండు, పన్నెండు. తర్వాత ఆ తెలుపులో రెండు పసుపు మచ్చలు. మచ్చలు పెద్దవయ్యాయి. దుంగల లారీ దీపాలు అవి, మా ఎదురుగా, సరిగ్గా మా ఎదురుగా, అంటే మేము రోడ్డు మధ్య గీతకి అవతలున్నాం. రెయినో వంక చూశాను. వంగి, మొహం చిట్లించి, నేరుగా ఆ దీపాల వైపే చూస్తున్నాడు. చూస్తున్నాడు, కానీ చూడటం లేదు. నా ఎడమ చెయ్యి నన్ను అడగలేదు. స్టీరింగ్ పట్టుకుని కుడివైపు లాగింది. హారను మా పక్కనుంచి చాలా పొడుగ్గా సాగి వెళ్లిపోయింది. బండి అంచున మంచు దిబ్బలోకి మెత్తగా దిగి ఆగింది. పదిహేడు, అంటున్నాను నేను. పద్దెనిమిది.

అద్దం తుడిచే రబ్బరు పుల్లలు అటూ ఇటూ ఊగుతూనే ఉన్నాయి. అన్నయ్య చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. ఆసుపత్రిలో కాగితాలన్నీ నర్సు చేత చదివించుకున్నాడు, సంతకం ఎక్కడో వేలు పెట్టి చూపించమన్నాడు. కళ్లనిండా నీళ్లున్నాయేమో, అందుకనుకున్నాను. పొద్దుటినుంచీ నలభై మైళ్లు దాటకుండా నడుపుతున్నాడు. నా కోసం, కుదుపు లేకుండా, అనుకున్నాను. ఎన్నేళ్లుగానో ఇద్దరం ఒకరి గురించి ఒకరం మంచే అనుకుంటూ వచ్చాం, అడిగి తెలుసుకోకుండా.

"పొరలు," అన్నాడు రెయినో, ముందుకే చూస్తూ. "రెండు కళ్లకీ. వచ్చే నెల కోస్తారు. ఎవరికీ చెప్పలా. చెబితే లైసెన్సు లాక్కుంటారు, నిన్ను చూడ్డానికి మార్క్వెట్ ఎలా రావాలి మరి? ఆరు వారాలు, రోజు మార్చి రోజు." ముక్కు తుడుచుకున్నాడు. "మంచి పని కాదు. తెలుసు. తిట్టు."

తిట్టాను. నా దగ్గరున్న తిట్లు అవే. ఒకటి దగ్గర మొదలుపెట్టి ఇరవై ఆరుదాకా తిట్టాను, మధ్యలో ఊపిరి తీసుకుని మళ్లీ తిట్టాను, ఎడమ చేత్తో అన్నయ్య భుజం మీద కొట్టాను. రెయినో నవ్వాడు. చాలా రోజుల తర్వాత విన్న నవ్వు, ముక్కులోంచి వచ్చే గురకలాంటి నవ్వు.

"అబ్బ, దెబ్బ మాత్రం బాగానే పడింది."

గాలి తగ్గింది. పొలాలు మళ్లీ పొలాలయ్యాయి, ఎండ కూడా పల్చగా వచ్చింది. బండిని ముందుకీ వెనక్కీ ఊపి దిబ్బలోంచి లాగాడు. అంచు వెంట, పొద్దుటికంటే ఇంకా నెమ్మదిగా పోనిస్తున్నాడు. అప్పుడన్నాడు.

"ఇదిగో. చాసెల్‌కి ముందు సెడార్ బే బోర్డు వస్తది. కుడివైపు, పెద్దది. నాకు అక్షరాలు కనపడవు. నువ్వు ఊరికే ఎలాగూ లెక్కబెడతావు కదా, ఆ లెక్కేదో ఇప్పుడు బెట్టు. బోర్డు కనపడగానే ఆపు. నువ్వు ఆపినచోట నేను బండి తిప్పుతా. సరేనా?"

ఆపమంటున్నాడు. పెన్‌హేల్ అమ్మాయికి ఆరు వారాల్లో చేతకానిది. ఆగలేకపోతే, ఈవిడ లోపల లేదు అని తేలిపోతుంది. ఆగగలిగితే సెడార్ బే. రెండు దార్లూ ఒకే గదికి వెళ్తాయి, నీళ్లు కనిపించే కిటికీకి. మొదలుపెట్టాను, నేను పెట్టకపోయినా అది పెట్టేదే. ఒకటి. చెట్లు. రెండు, మూడు. కొమ్మల మీద మంచు ఎండకి కరిగి గింజలు గింజలుగా రాలుతోంది. నేను నా పనిలో ఎప్పుడూ దొంగ లెక్క రాయలేదు. ఎనిమిది, తొమ్మిది. అడిగినంత ఇవ్వాలి, అడిగినచోట ఆగాలి. ఆ చిన్న ఆజ్ఞలో నాకు నచ్చింది అదే, అది దాచుకోదు, కలపదు, ఇంకొకటి ఇస్తానని ఆశ పెట్టదు. పదిహేను. మా ఇంట్లో పొయ్యి చల్లగా ఉంటుంది ఇప్పుడు. ఆరు వారాలు ఎవరూ వెలిగించలేదు. తలుపు వెనక నా కోటు, జేబులో ఒక తొడుగు. ఇరవై రెండు, ఇరవై మూడు. పొద్దున్నే లేచి కిటికీ దగ్గర నిలబడితే కింద కాలువ మీద వంతెన, దాని రెండు బురుజులు పొగమంచులోంచి ముందు పైభాగాలు, తర్వాత నడుములు. అది నా కిటికీ. ముప్ఫై. ఒక గుర్రం, మీద దుప్పటి కప్పుకుని, మంచులో నిలబడి మమ్మల్ని చూసింది. ముప్ఫై ఆరు. రెయినో నోరు మూసుకుని, చెవి నా వైపు పెట్టి నడుపుతున్నాడు. నలభై. నలభై ఒకటి. నలభై రెండు.

బోర్డు. నీలం, అంచుకి తెల్ల గీత, ఒక దేవదారు బొమ్మ. సెడార్ బే, కింద బాణం గుర్తు. ఎంత పెద్ద అక్షరాలు.

నలభై మూడు, అంది నోరు. ఆగింది.

నిజంగా ఆగింది. నాలుక వెనక ఎక్కడో ఏదో పట్టుకున్నట్టు, జారుతున్న మంచు పెళ్లని ఎవరో భుజం ఆన్చి నిలబెట్టినట్టు. ఆరు వారాల నుంచి వెతుకుతున్న మీట అక్కడుంది, నా వేలి కింద. బోర్డు మెల్లగా మా పక్కకి వస్తోంది. లోపల అంత నిశ్శబ్దం నేను మరిచేపోయాను, కొత్త మంచు పడ్డ పొద్దుటిలా ఉంది, ఒక్క అడుగుజాడ లేదు. ఇక తర్వాతి అడుగు నేనే పెట్టాలి. రెయినో భుజం కదిలింది, పాదం బ్రేకు వైపు జరిగింది.

నలభై నాలుగు, అన్నాను.

దానంతట అది రాలేదు. నేను తెచ్చాను, రెండు చేతులా ఎత్తుకొచ్చినట్టు, పళ్లు బిగించి. ఆరు వారాల్లో నేను అనాలనుకుని అన్న మొదటి మాట. నలభై ఐదు, అన్నాను, ఎదురుగా చూస్తూ, మొహం రాయిలా పెట్టి. నలభై ఆరు. బాణం గుర్తు చూపించిన దారి పైన్ చెట్ల మధ్య ఒక్కసారి కనబడి, వెనక్కి పోయింది. నలభై ఏడు, నలభై ఎనిమిది. చాసెల్ చర్చి, పోస్టాఫీసు, పిల్లలు తవ్విన మంచు కోట. యాభై మూడు. రెయినో నేరుగా పోనిచ్చాడు. ఊరు దాటాం. అరవై దగ్గర బండిని రోడ్డు పక్కకి తీసి, గేరు తప్పించి, నా వైపు పూర్తిగా తిరిగాడు.

"ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ దారిలో మంచు తోశాను," అన్నాడు. "ఆ మలుపుకి నాకు కళ్లతో పనేంటే? నిద్రలో తిప్పుతా."

నా నోరు అరవై రెండు మీద తెరుచుకుని ఉండిపోయింది.

"అబద్ధం ఆడావు." స్టీరింగ్ మీద అరచేత్తో చరిచాడు. "నలభై మూడు దగ్గర ఆగావు, విన్నాలే. మళ్లీ కావాలని ఎత్తుకున్నావు, నా మొహం ఎదురుగా, రెప్ప కొట్టకుండా. ఇర్మా మీద ఒట్టు, ఆ బోర్డు చూసి కూడా వదిలేశావు. దొంగముండా! లోపల లేనివాళ్లు అబద్ధం ఆడలేరు. డాక్టరుకి తెలీదు ఇది, నాకు తెలుసు." మోచేతి మడతతో కళ్లు రెండూ తుడుచుకున్నాడు, ఎంత తుడిచినా వాటికి కనిపించేది అంతేనని తెలిసి కూడా. "ఉన్నావు. ఉన్నావే నువ్వు."

తల ఊపాను. ఎటు ఊగిందో నేను చూసుకోలేదు.

జేబులోంచి ఫోను తీసి, ముక్కుకి ఆనించుకుని, తడుముకుంటూ సెడార్ బేకి కొట్టాడు. "అవునండీ, ఐలా లెహ్టినెన్. రావట్లేదు. కాదండీ, ఆరోగ్యం బాగోక కాదు. ఆవిడకి ఇష్టం లేదట. ఆ, చెప్పింది. చాలా స్పష్టంగా చెప్పింది." పెట్టేసి, నా మేనల్లుడు ఆర్వోకి కొట్టాడు, హోటన్‌లో వాడి కొట్టు దగ్గర నుంచి వచ్చి బండి నడపమని. కొత్తగా వచ్చిన వివేకం అది, ఆలస్యంగానైనా. "నాన్నా, నీకేమైనా మతి పోయిందా?" అని అవతల అరుస్తున్నది నాకూ వినబడింది. ఆర్వో పావుగంటలో వచ్చాడు, స్నేహితుడి బండిలో, ఇంకా అరుస్తూ. నన్ను చూసి ఆగి, "అత్తా," అని నా టోపీ సర్ది, వాళ్ల నాన్నని వెనక సీట్లోకి తోలాడు.

వెనక నుంచి రెయినో ముందుకి వంగి, నా కుర్చీ మీద గడ్డం ఆనించాడు. కాఫీ వాసన, తడి ఉన్ని వాసన.

"నేను నీతో వచ్చి ఉంటా. కట్టెలు నేను కొడతా, ఎక్కడున్నాయో నువ్వు చూపించు. వంట ఎవరో ఒకరం తగలేద్దాం. ఆ పెన్‌హేల్ అమ్మాయి వారానికి రెండుసార్లు మీ ఊరు హాన్‌కాక్ వస్తదట, ఇంటికే పిలుద్దాం." కుర్చీ మీంచి గడ్డం ఎత్తాడు. "కానీ నేను ఉంటే నీకు చికాకు, నాకు తెలుసు. గురక, సణుగుడు, అన్నీ. అందుకని నువ్వే చెప్పు. ఎన్ని రోజులు ఉండమంటావు? లెక్కబెట్టు. నువ్వు ఆపిన రోజున మూట కట్టుకుని పోతా, మారు మాట్లాడను."

ఆర్వో అద్దంలోంచి ఇద్దర్నీ చూసి, మీ ఇద్దరికీ పోయింది అన్నట్టు తల తిప్పాడు. హోటన్ వీధులు జారుతున్నాయి. కాలేజీ మేడలు, వాటిలో ఏదో ఒక గదిలో ఒక గీత ఆరుతూ వెలుగుతూ. నేను ఒకటి అన్నాను. రెండు, మూడు. రెయినో వింటున్నాడు, ఒక్కో అంకెకీ నా కుర్చీ వెనక వేలితో చిన్నగా కొడుతూ. పది దగ్గర ఆపుతానేమో అని వేలు గాల్లో ఆగింది. పదకొండు. ముప్ఫై దగ్గర మళ్లీ ఆగింది. ముప్ఫై ఒకటి. మలుపు తిరిగి వంతెన ఎక్కాం. ఇనుప జాలీ మీద టైర్లు సన్నగా, పొడుగ్గా పాడటం మొదలుపెట్టాయి. కింద కాలువ మధ్యలో మంచుగడ్డ విడిపోయి నల్లటి నీళ్లు కనిపిస్తున్నాయి, వాటి మీద వెలుగు ముక్కలు ముక్కలుగా. యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. మీట నా వేలి కిందే ఉంది, నాకు తెలుసు, ఎప్పుడంటే అప్పుడు నొక్కొచ్చు.

"ఇంకా ఉందా?" అన్నాడు మా అన్నయ్య.

అరవై, అన్నాను. అరవై ఒకటి.